వాసన రాని మందు

గ్రేసీకి మొగుడి మీద అనుమానం ఆ ఏడు తొలి వానలతో పాటే మొదలైంది.

ఎండలు కాసినన్నాళ్ళూ యేసుదానం బాగానే ఉన్నాడు. పెందుర్తి నుంచి స్టీల్‌ప్లాంటు గేటు దాకా కాంట్రాక్టు పనివాళ్ళను తిప్పే వ్యాను అతనిది. పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు. షిఫ్టుకి వెళ్ళేవాళ్ళను దించడం, పని అయినవాళ్ళు బయటికొచ్చే దాకా గేటు దగ్గర కాచుకోవడం, వాళ్ళను ఎక్కించుకుని తిరిగి రావడం. పాత డీజిల్ బండి. ఇంజిన్ ముందు సీట్ల మధ్యలోనే, ఒక రేకు మూత కింద ఉంటుంది. యేసుదానం ఆ మూత మీద తువ్వాలు, అన్నం క్యారేజీ, నీళ్ళసీసా పెట్టుకుంటాడు.

నాలుగు వానలు పడ్డాయో లేదో మనిషి మారిపోయాడు. సాయంత్రం బండి దిగి వచ్చి గుమ్మంలో కూలబడేవాడు. కళ్ళు చింతనిప్పులు. చెప్పులు విప్పడానికి వంగి, వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయేవాడు. ఏదైనా అడిగితే, ఆ మాట ఎక్కడో దూరం తిరిగి వచ్చినట్టు ఆలస్యంగా జవాబిచ్చేవాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు.

ఈ వాలకం గ్రేసీకి కొత్త కాదు. పోర్టులో బొగ్గు లారీ తోలిన రోజుల్లో యేసుదానం ఏళ్ళ తరబడి ఇలాగే ఇంటికొచ్చాడు. ఆ రోజుల్లో గేటు గడియ తీసే చప్పుడు వింటే చాలు, ఎంత పట్టించాడో ఆమెకు తెలిసిపోయేది. అతను సీసాలు దాచని చోటు ఆ ఇంట్లో లేదు. బియ్యం డబ్బాలో దాచాడు, ఆమె కుట్టుమిషను సొరుగులో దాచాడు, ఆఖరికి చర్చికి తీసుకెళ్ళే పాటల పుస్తకాల సంచిలో కూడా దాచాడు. ప్రతిదీ ఆమె వెతికి పట్టుకుంది. అలా వెతకడం ఆమెకు రెండో వృత్తి అయిపోయింది. మొదటిది కుట్టుపని. పూర్ణా మార్కెట్‌లో తానులు కొనుక్కొచ్చి నైటీలు, స్కూలు యూనిఫారాలు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చింది.

తాగుడు మానిపించింది గ్రేసీ కన్నీళ్ళు కాదు, పాస్టరయ్యగారి ప్రార్థనలూ కాదు. కూతురు ఆశ స్కూలు వార్షికోత్సవం రోజున యేసుదానం తప్పతాగి వచ్చి, కుర్చీల వరసలో పడిపోయాడు. మర్నాడు ఆశ బడికి వెళ్ళనంది. ఏడవలేదు, అరవలేదు. పుస్తకాల సంచి తెచ్చి తండ్రి కాళ్ళ దగ్గర పెట్టి లోపలికి పోయింది. ఆ సంచిని చూస్తూ పూటంతా కూర్చున్నవాడు మళ్ళీ సీసా ముట్టలేదు. పోర్టు లారీ వదిలేశాడు, వ్యాను కొనుక్కున్నాడు. ఆశ ఇప్పుడు విజయనగరంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది.

అంత కష్టపడి నిలబడ్డ మనిషి మళ్ళీ జారిపోతే పట్టుకోవాల్సింది తనే. గ్రేసీ మనసులో ఉన్నది అదే.

మొదట అతను విప్పిన చొక్కా తీసుకుని స్నానాల గది తలుపు వేసుకుంది. కాలర్ దగ్గర, జేబు దగ్గర, చంకల దగ్గర ముక్కు పెట్టి చూసింది. చెమట, డీజిల్, మాడినట్టు ఏదో పొగ కంపు. డ్రైవర్ చొక్కా అలాగే ఉంటుంది. సారా వాసన మాత్రం లేదు. దానితో ఆమె అనుమానం తగ్గాలి. తగ్గకపోగా ఇంకా ముదిరింది. వాసన వచ్చేది తాగితే తను పట్టేస్తుందని తెలిసినవాడు వాసన రానిదే తాగుతాడు కదా. ఊళ్ళో ఇప్పుడు ఎన్నెన్నో దొరుకుతున్నాయంటున్నారు. మాత్రలట, పొడులట.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, బండి కడుగుతానని చెప్పి బకెట్టు పట్టుకెళ్ళింది. సీట్ల కింద చూసింది. స్టెపినీ టైరు లోపల చెయ్యి పెట్టి చూసింది. పానాల సంచి కుమ్మరించింది. సీసా దొరకలేదు. డాష్‌బోర్డు అరలో, బండి కాగితాల వెనక, తలనొప్పి మాత్రల ఖాళీ అట్టలు గుప్పెడు దొరికాయి. సగం అయిపోయిన బామ్ డబ్బా కూడా ఉంది. తలనొప్పి ఎవరికొస్తుంది? మత్తు దిగిపోయాక తాగుబోతుకి వస్తుంది. గ్రేసీ ఆ అట్టలను ఎక్కడివక్కడే పెట్టేసి, బండిని మాత్రం అద్దంలా కడిగింది.

ఆ మర్నాడే హిమబిందు ఫోన్ చేసింది. స్టీల్‌ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర కంప్యూటర్ పని చేసే పిల్ల. రోజూ డ్రైవర్ వెనక మొదటి సీటులో కూర్చుంటుంది. ఒకసారి గ్రేసీ దగ్గర జాకెట్లు కుట్టించుకుంది, ఆ పరిచయం.

"ఆంటీ, మీకో మాట సెప్పాల. అంకుల్‌కి నేను సెప్పినట్టు తెలీనివ్వకండి" అంది. గొంతు తగ్గించింది. "ఇయాల షీలానగర్ దగ్గర బండి డివైడర్ మీదకి ఎల్పోబోయింది. మేమందరం గట్టిగా అరిసేం. అంకుల్ ఉలిక్కిపడి తిప్పేరు. కునుకు పట్టినట్టుంది. లోపలున్నోళ్ళు తాగీసి తోలుతన్నాడంతన్నారు ఆంటీ. ఇంకోసారి ఇలాగైతే బండి మార్పించమని అడుగుతారంట."

గ్రేసీ ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"ఇంకోటి ఆంటీ. అంకుల్ అన్నం తినట్లేదు. మేం బయటికొచ్చేసరికి గేటు దగ్గర కుక్కలకి పెట్టేసి ఉంటారు. రోజూ అంతే. బన్ను కొనుక్కుని టీలో ముంచుకుని తింటన్నారు."

క్యారేజీ రోజూ ఖాళీగా, కడిగినట్టుగా ఇంటికొస్తోంది. 'బాగుందా' అని అడిగితే 'బాగుంది' అంటున్నాడు. గ్రేసీ ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుంది. అబద్ధం దొరికింది. ఒక అబద్ధం ఉన్న చోట రెండోది ఉంటుందని ఆమె అనుభవం.

ఆ సాయంత్రం అతను గుమ్మంలో కూలబడగానే వచ్చి ఎదురుగా నిలబడింది.

"మళ్ళీ మొదలెట్టీసేవా?"

యేసుదానం తల ఎత్తాడు. అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఏటి మొదలెట్టడం?"

"నా నోటితో సెప్పించకు."

"నాను తాగలేదు గ్రేసీ."

"కళ్ళు సూసుకో అద్దంలో."

అతను గోడ పట్టుకుని లేచాడు. దగ్గరగా వచ్చి, నోరు తెరిచి, ఆమె మొహం మీద ఊదాడు. "సూసుకో. ముక్కెట్టి సూసుకో. ఏటి వాసనొచ్చింది?"

"ఏటీ రాలేదు."

"మరి?"

"రాకపోడమే నా అనుమానం."

యేసుదానం ఆమె వంక వింతగా చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఇంకేదో ఉంది. "నువ్వు మాత్రం నాకేటీ సెయ్యట్లేదేటి?" అన్నాడు మెల్లగా. అని, లోపలికి పోయి పడుకున్నాడు.

ఆ మాటకు తలా తోకా కనిపించలేదు గ్రేసీకి. తాగినవాడి మాటలకు అర్థం వెతకడం ఆమె ఎప్పుడో మానేసింది. కానీ ఆ చూపు మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. దొంగ అతనైతే, తనను అనుమానంగా చూడడమేమిటి?

మర్నాడు మధ్యాహ్నం, యేసుదానం బండి తీసే వేళకు గ్రేసీ చీర మార్చుకుని సంచి పట్టుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికి?"

"గోపాలపట్నం. మా తమ్ముణ్ణి సూడాల. నీతో గేటు దాకా వచ్చి, తిరిగొచ్చినప్పుడు అక్కడ దిగుతాను."

"గేటు దాకా ఎందుకు?"

"నాను ఎప్పుడైనా ఆ గేటు సూసేనా? సూత్తాను."

ఈవిడ ఎందుకొస్తోందో యేసుదానానికి తెలియకపోలేదు. పెదవి బిగించి, ఎడమవైపు తలుపు తీశాడు. గ్రేసీ ఇంజిన్ మూత పక్కన కూర్చుంది. అక్కణ్ణుంచి అతని చేతులు, జేబులు, సీటు కింద, అన్నీ కనిపిస్తాయి.

వాన ఆగకుండా పడుతోంది. అద్దాలన్నీ పైకి బిగించారు. పెందుర్తిలో ఎక్కినవాళ్ళు, గోపాలపట్నంలో ఎక్కినవాళ్ళు తడిసిన గొడుగులు కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో బండి అంగుళం అంగుళం కదిలింది. గాజువాక దాటే దాకా గ్రేసీ అతని మీంచి చూపు తిప్పలేదు. అతను నీళ్ళసీసా ఎత్తితే ఆమె చెయ్యి చాచింది. "నాక్కూడా ఇయ్యి" అని తాగి చూసింది. ఉత్త నీళ్ళే.

గేటు దగ్గర అందరూ దిగిపోయారు. యేసుదానం బండిని చెట్టు కింద వారగా ఆపాడు గానీ ఇంజిన్ ఆపలేదు.

"ఆపవేటి?"

"బేటరీ వీకు. వానలో ఆపితే మళ్ళీ సెల్ఫ్ తియ్యదు. తొయ్యడానికి ఎవుడున్నాడు?"

అలా ఇంజిన్ గుడగుడలాడుతూనే ఉంది. అద్దాల మీద ఆవిరి పట్టింది. బయట కుక్కలు వచ్చి తలుపు దగ్గర తోకలాడిస్తూ నిలబడ్డాయి. యేసుదానం వాటిని చూసి చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆమె ఎదురుగా క్యారేజీ తెరవక తప్పలేదు. వంకాయ కూర ముద్దను వేళ్ళ మధ్య అటూ ఇటూ దొర్లించి, వాసన చూసి, నోట్లో పెట్టుకున్నాడు. తన వంట వాసన చూసి తినడమేమిటి అని గ్రేసీ కడుపు రగిలిపోయింది. అయినా చూడ్డానికి వచ్చింది, చూస్తోంది.

షిఫ్టు వదిలేసరికి ఆమెకు కణతలు లాగడం మొదలైంది. పొద్దుట సరిగా తినలేదు కాబోలు అనుకుంది. హిమబిందు ఎక్కి, వెనక సీటు నుంచి భుజం తట్టి నవ్వితే, తిరిగి నవ్వడానికి కూడా కష్టమైంది. షీలానగర్ దాటేసరికి కళ్ళు మండుతున్నాయి. ఎన్ఏడీ దగ్గర కడుపులో తిప్పింది. పక్కన యేసుదానం రెండు చేతులతో స్టీరింగును పట్టుకుని, పళ్ళు బిగించి, కళ్ళు పెద్దవి చేసి రోడ్డును చూస్తున్నాడు. నిద్రతో కుస్తీ పడుతున్న మనిషి మొహం అది. ఇంతసేపూ అతను ఏమీ తాగలేదు. ఏమీ మింగలేదు. ఆమె ఒక్క క్షణం కూడా కన్ను తిప్పలేదు.

గోపాలపట్నంలో దిగుతూ మెట్టు తప్పింది. తలుపు పట్టుకుని నిలదొక్కుకుని, బండి కదిలిపోయాక నాలుగడుగులు వేసి, డ్రైనేజీ పక్కన కూర్చుని వాంతి చేసుకుంది.

హైవే పక్కనే ఆమె తమ్ముడు బెన్సన్ టైర్ల షాపు. వాళ్ళ నాన్న పంక్చర్ కొట్టు అది. నీళ్ళతొట్టి పక్కన, ట్యూబుల మధ్య అక్కాతమ్ముళ్ళు పెరిగారు. బెన్సన్ పరిగెత్తుకొచ్చి అక్క రెక్క పట్టుకున్నాడు.

"అప్పా! ఏటయ్యింది? కళ్ళేటి అలా ఎర్రగా ఉన్నాయి?" మొహంలో మొహం పెట్టి చూశాడు. సగం వేళాకోళం, సగం నిజం. "నువ్వు కూడా మొదలెట్టీసేవేటే?"

షాపులో లారీ అద్దం ఒకటి గోడకు తగిలించి ఉంది. గ్రేసీ అందులో చూసుకుంది. చింతనిప్పుల్లాంటి కళ్ళు. ఉబ్బిన రెప్పలు. రోజూ సాయంత్రం గుమ్మంలో కూలబడే మొహం అది. తన మెడ మీద ఉంది.

బెన్సన్ ఇచ్చిన సోడా తాగి, గాలికి కూర్చుంటే తల కొంచెం తేలికపడింది. అప్పుడు చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. యేసుదానం చొక్కాలో వచ్చిన కంపే. మాడిన పొగ.

"బెన్సన్, మీ బావకి ఫోన్ సెయ్యి. అందర్నీ దింపీసి బండి ఇక్కడికి తెమ్మను. జగ్గారావు షెడ్డుకి ఎల్దాం."

జగ్గారావు మెకానిక్. అతని షెడ్డు రెండు సందుల అవతల ఉంది. గ్రేసీకి ఆ మనిషి అంటే పడదు. పోర్టు రోజుల్లో యేసుదానంతో కలిసి తాగింది అతనే. ఇప్పుడు తాగడం లేదంటారు, అదెంత నిజమో. అందుకే అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, సైలెన్సర్ గొట్టం కింద పడుకుని చూసి, లేచి చేతులు దులుపుకుని, "బండిలో ఏటీ లేదు సెల్లెమ్మా. సైలెన్సర్ బాగుంది, జాయింట్లు బాగున్నాయి" అనగానే ఆమెకు మళ్ళీ అనుమానం తన్నుకొచ్చింది. ఇద్దరూ ఒక్కటే కాబోలు.

"బాగుంటే నాకెందుకు వాంతయ్యింది?"

"వానలో తడిసేవేమో."

"తడవలేదు. అద్దాలేసుకుని లోపల కూకున్నాను. నాను తాగలేదు కదా? తాగేనేటి?"

జగ్గారావు నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి మానేశాడు. ఇంజిన్ మీది రేకు మూత తీశాడు. వేడిగా ఉన్న ఇంజిన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. చప్పుడు సాఫీగా ఉంది.

"లీకుంటే ఇనపడతాది. టిక్కుటిక్కుమంతాది" అన్నాడు.

గ్రేసీ ఉలిక్కిపడింది. "టిక్కుటిక్కు పొద్దున్నే ఇనపడతాది. బండి తీసినప్పుడు. గడియారం లాగ. నాను వంటింట్లోంచి రోజూ ఇంతాను. సందు సివరికి ఎల్లేసరికి ఆగిపోతాది."

జగ్గారావు చేతిలో పానా కింద పెట్టాడు. మొహంలో వేళాకోళం పోయింది.

"సల్లగున్నప్పుడు వచ్చి, ఏడెక్కితే పోతందా? అయితే సన్న సందు ఏదో ఉన్నాది. ఇనుము ఏడెక్కితే సాగతాది కదా, సందు బిగిసిపోయి సప్పుడు ఆగిపోతాది. పొగ మాత్రం పూర్తిగా ఆగదు." యేసుదానం వైపు తిరిగాడు. "బావా, బండి ఇక్కడే ఒగ్గీ. రేపు పొద్దున్న సల్లగున్నప్పుడు సూద్దాం."

యేసుదానం బండినీ, భార్యనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

మర్నాటి పొద్దుటి ట్రిప్పుకి తెలిసినవాళ్ళ బండి ఒకటి పురమాయించి, బెన్సన్‌తో కలిసి ముగ్గురూ షెడ్డుకి చేరారు. జగ్గారావు మూత తీసి పెట్టి, బండి స్టార్ట్ చేయించాడు. టిక్కుటిక్కు మొదలైంది. అందరూ విన్నారు. కానీ ఎక్కడ్నుంచి వస్తోందో చెప్పడం ఎవరి వల్లా కాలేదు. కుడి పక్క చెవి పెడితే ఎడమ పక్క అనిపిస్తుంది, ఎడమ పక్క పెడితే కింద అనిపిస్తుంది. జగ్గారావు రబ్బరు గొట్టం ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజిన్ వెంట తిప్పాడు. షెడ్డు మూలన కాలుతున్న దోమల చక్రం తెచ్చి, దాని పొగ ఎక్కడ చెదురుతుందో చూశాడు. రేడియేటర్ ఫ్యాను గాలికి ఆ పొగ అన్ని చోట్లా చెదిరిపోయింది. ఈలోగా ఇంజిన్ వేడెక్కింది, చప్పుడు ఆగింది.

"ఎల్పోనాది" అన్నాడు జగ్గారావు, దొంగ గోడ దూకి పారిపోతే అన్నట్టు.

యేసుదానం ఒక టైరు మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. దొరకకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. మళ్ళీ తనే దోషి.

గ్రేసీకి నాన్న నీళ్ళతొట్టి గుర్తుకొచ్చింది. "ఇంజిన్ ఆపీసి సూస్తే అవదేటి?" అంది. "ట్యూబులో గాలి కొట్టి బుడగ సూసినట్టు. పొగ గొట్టంలోంచి ఎనక్కి గాలి కొట్టి, సబ్బు నురగ రాస్తే?"

జగ్గారావు గడ్డం గోక్కున్నాడు. "అవుతాది. కాపోతే మెల్లగా కొట్టాల. ఇంజిన్ సల్లారనీ."

బెన్సన్ తన షాపు నుంచి గాలి మిషను తోసుకొచ్చాడు. ఇంజిన్ చల్లారాక, పొగ గొట్టం మూతికి తడిగుడ్డ చుట్టి, అందులోంచి గాలి గొట్టం దూర్చి సన్నగా వదిలాడు. ఇంజిన్ నుంచి పొగను పోగుచేసి బయటి గొట్టంలోకి పంపే లావుపాటి ఇనుప భాగం ఒకటుంటుంది, మానిఫోల్డ్ అంటారు. అది కనబడకుండా, వేడి తగలకుండా అడ్డంగా ఒక రేకు బిగించి ఉంది. జగ్గారావు ఆ రేకు విప్పాడు. విప్పగానే "అమ్మనీ" అన్నాడు.

మానిఫోల్డ్ వెనక చివర, ఇంజిన్‌కు అతుక్కునే చోట, కాటుక దిద్దినట్టు నల్లగా మసిచార ఉంది.

గ్రేసీ గిన్నెలో సబ్బు నురగ కలిపి, పెయింటు కుంచెతో తనే రాసింది. ముందు వైపు ఏమీ లేదు. మధ్యలో ఏమీ లేదు. మసిచార మీద కుంచె ఆనించగానే చిన్న బుడగ ఒకటి ఉబ్బి పగిలింది. ఇంకొకటి. ఆ తర్వాత గంజి పొంగినట్టు బుడగల వరస.

జగ్గారావు గుడ్డతో తుడిచి టార్చి వేశాడు. చివరి బోల్టు తల లేదు. ఎప్పుడో విరిగిపోయింది. బిగువు లేక లోపలి ప్యాకింగు కాలిపోయి, గోరు పట్టేంత సందు పడింది. అతను టార్చిని పైకి తిప్పి, రేకు మూత అంచులు చూశాడు. మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు ఒక మూల పూర్తిగా లేదు. ఆ మూల సరిగ్గా డ్రైవర్ ఎడమ మోకాలి పక్కన ఉంది.

"ఎండల్లో ఫిల్టర్ మార్సినప్పుడు ఈ రబ్బరు సిరిగిపోనాది. కొత్తది ఏద్దామనుకుని మర్సిపోనాను" అన్నాడు జగ్గారావు. గ్రేసీ వైపు చూడకుండా అన్నాడు. "అద్దాలు దించుకుని తిరిగినన్నాళ్ళూ పొగ బయటికి పోనాది. వానలొచ్చి మూసేసరికి లోపలే ఉండిపోనాది. బావ ఎంత పీల్సినాడో పాపం."

యేసుదానం లేచి వచ్చాడు. ఇంకా పగులుతున్న బుడగలను వంగి చాలాసేపు చూశాడు. తర్వాత గ్రేసీ వైపు తిరిగి, చిన్న గొంతుతో అడిగాడు.

"అయితే నువ్వు అన్నంలో ఏటీ కలపలేదా?"

"ఏటి కలపడం?"

"అదే... తాగుడు మానిపించే పొడి. గోడల మీద కాగితాలంటిత్తారు కదా, మొగుడికి తెలీకుండా కూరలో కలిపీయండి అని. నువ్వు నన్ను అనుమానిత్తన్నావని తెలుసు. గేటు కాడ నీ అన్నం తిన్నాకే కడుపులో తిప్పీది, తల పగిలిపోయీది. నువ్వే ఏదో పెడతన్నావనుకున్నాను."

"అందుకేనా కుక్కలకి పెట్టీసేవు?"

"ఊఁ."

"కుక్కలకేటయ్యింది?"

"ఏటవలేదు. బలిసేయి."

"మరి అప్పుడైనా తెలీలేదేటయ్యా నీకు?"

"తాగని కుక్కలకి ఆ పొడి పని సెయ్యదేమో అనుకున్నాను."

బెన్సన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని షెడ్డు బయటికి పోయాడు. గ్రేసీకి కూడా నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఒకే కప్పు కింద తను అతని చొక్కా వాసన చూసింది, అతను తన కూర వాసన చూశాడు. ఇద్దరి ముక్కుకీ అసలు వాసన మాత్రం అందలేదు. సబ్బు నురగ చేతులతోనే మొహం తుడుచుకుంది. కళ్ళు ఇంకా మండాయి.

"నాను తాగలేదని సెప్పినప్పుడు ఒక్కసారైనా నమ్మీసుంటే బాగుణ్ణు" అన్నాడు యేసుదానం. కోపంగా అనలేదు.

విరిగిన బోల్టు ముక్కను డ్రిల్లుతో తొలిచి తియ్యడానికి జగ్గారావుకి ఆ రోజంతా పట్టింది. మానిఫోల్డ్‌ను లేతు షాపుకి పంపి అతుక్కునే వైపు చదును చేయించాడు. కొత్త ప్యాకింగు, కొత్త బోల్టులు, మూత చుట్టూ కొత్త రబ్బరు వేశాడు. బేటరీ కూడా మార్చారు. మళ్ళీ గాలి కొట్టి, నురగ రాసి చూశారు. కుంచె ఎంత తిప్పినా ఒక్క బుడగ లేవలేదు. అయినా గ్రేసీ ఆగలేదు. బండి నడిపించి, మూత పక్కన కూర్చుని, అద్దాలన్నీ ఎత్తి, షెడ్డు నుంచి పెందుర్తి దాకా వచ్చి, తల నొప్పి లేదని రూఢి చేసుకున్నాకే జగ్గారావుని వదిలింది.

మర్నాడు హిమబిందుకి జరిగింది చెబితే, ఆ పిల్ల కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "ఆంటీ, నాక్కూడా రోజూ తలనొప్పే. కళ్ళజోడు పవర్ మారిందేమో అని డాక్టర్ దగ్గరకి ఎల్లొచ్చేను" అంది. బండిలో ఉన్నవాళ్ళకు తనే చెప్పింది. చాలామంది నమ్మారు. ఒకావిడ మాత్రం నమ్మలేదు. 'డీజిల్ బండిలో పొగ రాకుండా ఉంతాదా, అదంతా కట్టుకథ' అని వేరే వ్యాను చూసుకుంది. ఇప్పటికీ గేటు దగ్గర కనబడితే యేసుదానం కళ్ళలోకి పట్టి చూస్తుంది. అతను మొదట్లో తల దించుకునేవాడు. ఇప్పుడు దించుకోవడం లేదు.

నెల తిరిగేసరికి యేసుదానం కళ్ళు తెల్లబడ్డాయి. క్యారేజీలో అన్నం చాలడం లేదని గిన్నె ఇంకొకటి అడిగాడు. ఇంట్లో మాటలు మళ్ళీ మామూలుగా సాగాయి. అయినా సాయంత్రం బండి చప్పుడు వినగానే గ్రేసీ కాళ్ళు వాటంతట అవే గుమ్మంలోకి వెళ్ళేవి. అది తప్పని తెలుసు, మానడం చేతకాదు. ఒకరోజు అతనే ఆమెకు ఎదురొచ్చి, "సూసుకో" అని మొహం ముందుకు పెట్టాడు. గ్రేసీ సిగ్గుపడి వంటింట్లోకి పోయింది.

ఈ కథ వ్యాన్ల స్టాండులో అందరి నోటా పడింది. ఎవరి డ్రైవర్ కునికినా 'ముందు బండి సూడండి' అనడం మొదలుపెట్టారు. ఆ వానాకాలం చివర్లో సత్యశ్రీ అనే ఆవిడ గ్రేసీని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె మొగుడు సన్యాసిరాజు కూడా షిఫ్టు వ్యానే తోలుతాడు. ఎర్రకళ్ళు, తలనొప్పి, అన్నం కెలికి లేవడం. అవే లక్షణాలు.

"ఆయన్ని తిట్టి పోసేను అప్పా. మీ సంగతి ఇన్నాక గుండె గుభేలుమంది. ఏ పాపం తెలీని మనిషిని అన్నానేమో" అంది సత్యశ్రీ.

గ్రేసీ ఆమె చెయ్యి పట్టుకుంది. "తొందరపడి అనుమానించకు తల్లీ. నాను సూపిత్తాను" అని, సన్యాసిరాజు బండిని జగ్గారావు షెడ్డుకి తెప్పించింది. తనే నురగ కలిపింది. బెన్సన్ గాలి కొట్టాడు. ముందు చూశారు, వెనక చూశారు, రేకులన్నీ విప్పి చూశారు, మూత రబ్బరు వేలితో తడిమి చూశారు. ఎక్కడా ఒక్క బుడగ లేదు. కొత్త బండిలా ఉంది ఇంజిన్. సన్యాసిరాజు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు గానీ, లోపలికి రాలేదు.

గ్రేసీ కుంచె గిన్నెలో పడేసి, చేతులు తుడుచుకుంటూ అతని దగ్గరకు వెళ్ళింది. ఊరికే, దగ్గరగా నిలబడింది.

సన్యాసిరాజు ఊపిరి బిగబట్టాడు.

ఎంతసేపు బిగబడతాడు? గ్రేసీ అలాగే నిలబడి ఉంది. ఆఖరికి అతను ఊపిరి వదలక తప్పలేదు.

"సత్యశ్రీకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?" అంది గ్రేసీ.

సన్యాసిరాజు నేల చూపులు చూస్తూ, "నానే సెప్తాను అప్పా" అన్నాడు.

"పద" అంది గ్రేసీ. అతను నిజంగా చెబుతాడో లేదో చూడ్డానికి, చెప్పులేసుకుని తనూ వెంట నడిచింది.